సెన్సార్ లైటు వెలుగుతోంది, పీఎల్‌సీకి (యంత్రాల్ని నడిపే కంట్రోలర్‌కి) సిగ్నల్ అందట్లేదు

ప్రశ్న: పర్లాకిమిడి వైపు రైస్ మిల్లు, బిన్‌లో ధాన్యం మట్టం చూసే లెవెల్ సెన్సార్. గోధుమ వైరు ప్లస్ 24 వోల్టులకి, నీలం సున్నాకి, నలుపు పీఎల్‌సీ ఇన్‌పుట్‌కి ఇచ్చాం. ఇన్‌పుట్ కామన్ (ఇన్‌పుట్లన్నిటి ఉమ్మడి టెర్మినల్) సున్నాకే ఉంది. లోపం ఎక్కడండీ?

జవాబు: ఎన్‌పీఎన్ సెన్సార్ అయ్యుంటుంది. అది నలుపుని సున్నాకి లాగుతుంది. కామన్ కూడా సున్నాయే అయితే కరెంటు పారేదెలా? లైటు వెలుగుతుండగా నలుపు, నీలం మధ్య మీటరు పెట్టండి. 24 దగ్గర చూపితే పీఎన్‌పీ, అంటే నలుపుకి ప్లస్ ఇచ్చే రకం. సున్నా చూపితే బాడీ మీద రాసింది చూడండి. ఎన్‌పీఎనే అయితే కామన్‌ని ప్లస్ 24కి మార్చాలి, కానీ ఆ గ్రూపులోని పీఎన్‌పీలు ఆగిపోతాయి.

అడిగినవారు: మిగతావన్నీ పీఎన్‌పీలే. అయితే సెన్సారే మారుస్తాం. ఎలివేటర్ కాంటాక్టర్ (మోటారును ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్) కాయిల్ 230 వోల్టులు, దాన్ని పీఎల్‌సీ ట్రాన్సిస్టర్ ఔట్‌పుట్‌కి నేరుగా ఇవ్వొచ్చా?

ఇంకో జవాబు: వద్దండీ, ఔట్‌పుట్ కాలిపోతుంది. మధ్యలో 24 వోల్టుల రిలే (కాయిల్‌తో పనిచేసే చిన్న స్విచ్) పెట్టి, దాని కాయిల్‌కి అడ్డంగా డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) వేయండి. గీత ఉన్న కొస ప్లస్ వైపు, తిరగేస్తే షార్టే.