కుక్కకు టిక్ ఫీవర్, పిల్లికి కిడ్నీ జబ్బు: రెండూ ఒకేసారి ఎలా నెట్టుకురావాలి?

విశాఖ, ఎంవీపీ కాలనీ. 20 కిలోల కుక్కకు ఎర్లీషియా, అంటే గోమార్లు కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 28 రోజుల కోర్సు. ఇవాళ తొమ్మిదో రోజు. 11 ఏళ్ల పిల్లికి కిడ్నీ జబ్బు. డాక్టరు చెప్పినట్టు రోజు విడిచి రోజు చర్మం కింద 100 మి.లీ. రింగర్ లాక్టేట్ సెలైన్. సీసాను ముందుగా గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కదలకుండా ఎక్కించుకుంటోంది, దానితో ఇబ్బంది లేదు.

చిక్కంతా కుక్క దగ్గరే. పరగడుపున మాత్ర వేస్తే కక్కేస్తోంది. ఇష్టంగా తినేది పెరుగన్నం ఒక్కటే, కానీ పెరుగులోని కాల్షియం డాక్సీసైక్లిన్‌ను పట్టేసి ఒంటికి పూర్తిగా అందనివ్వదు. ఉడికించిన చికెన్‌లో దాస్తే ముక్క మింగి, తడిసిన మాత్రను నేల మీద వదిలేస్తోంది. మరి దేంట్లో పెట్టాలి?

ఇక గోమార్లు. కుక్క వీపున వేసే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి విషం. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణానికే ముప్పు. రెండూ ఒకే గోనెపట్టా మీద పడుకుంటాయి. అందుకే కుక్కకు గోమార్లను చంపే ఫ్లూరాలనర్ మాత్ర వేయిద్దామని ఆలోచన. డాక్సీ కోర్సు మధ్యలో ఎవరైనా వేయించారా? ఈ ఉక్కకు గోమార్లు బాల్కనీ గోడ పగుళ్లలో గుడ్లు పెట్టేస్తున్నాయి. సైపర్‌మెత్రిన్ చల్లుదామంటే అదీ పెర్మెత్రిన్ జాతిదే. సిమెంటుతో పగుళ్లు పూడిస్తే సరిపోతుందా?