రెఫరెండం ఫలితం అమలుకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరా?

బ్రిటన్ రాజ్యాంగ వ్యవహారాలు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. 2016 రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణ ఓటింగ్‌లో) 51.9 శాతం మంది ఈయూ (యూరోపియన్ యూనియన్) నుంచి బయటికి రావాలన్నారు. అయినా పార్లమెంటు చట్టం చేయకుండా ప్రభుత్వం ఆర్టికల్ 50 నోటీసు (ఈయూ ఒప్పందం ప్రకారం బయటికి వెళ్తున్నామని తెలిపేది) ఇవ్వడానికి వీల్లేదని 2017 జనవరిలో సుప్రీంకోర్టు 8-3 మెజారిటీతో తేల్చింది. నోటీసు ఇస్తే దేశంలో అమల్లో ఉన్న చట్టమే మారిపోతుంది కాబట్టి మంత్రుల అధికారం చాలదన్నారు. ఇంతవరకు అర్థమైంది.

నా తికమకంతా ఎంపీలను ఎన్నుకునే ఓటింగ్ పద్ధతి మార్చాలా అని 2011లో పెట్టిన రెఫరెండం దగ్గరే. అప్పుడు 'అవును' గెలిస్తే కొత్త పద్ధతిని అమల్లోకి తెచ్చే ఏర్పాటు చట్టంలోనే ముందుగా రాశారు (గెలవలేదు, అది వేరే సంగతి). అలా రాసి ఉంటే పార్లమెంటు మళ్లీ ఓటు వేయనక్కర్లేదా? 2016లోలాగా ఏమీ రాయకపోతే, ఎంపీలు ఫలితాన్ని పక్కన పెట్టినా చట్టపరంగా తప్పు లేనట్టేనా? రాజకీయంగా పెద్ద గొడవవుతుందని తెలుసు. నేనడిగేది చట్టం గురించే.