సమస్యాపూరణం: “గోడ వినుచునుండె గొప్ప పాట”

నిర్వహణ: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఇంట్లో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు (స్పీకర్లకు బలమిచ్చే పెట్టెలు) పెట్టుకుని ఏళ్ల తరబడి వాటితో కుస్తీ పట్టినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి, ఆ దారిలో చేసిన పొరపాట్లు, ఇప్పటికీ మనసులో గుచ్చుకునేవి పద్యంలోకి రావాలి. గోడకు చెవులుంటాయన్న సామెతతో సరిపెట్టేయొద్దు.

నాదప్రియ:
మూల నొక్కి పెట్ట మోగె బేసొక్కటే
మాట లోన నున్న మార్దవమ్ము
కరగిపోయె, నాకు గర్జనే మిగిలింది
గోడ వినుచునుండె గొప్ప పాట

నిర్వహణ: ‘కరగిపోయె’ దగ్గర విరుపు బాగా కుదిరింది, క-గ యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షర మైత్రి) సరే. ‘మోగె’ అన్నాక ‘మిగిలింది’ అంటే భాష మారిపోయింది, ‘గర్జనమ్మె మిగిలె’ అనండి, గణాలు సరిపోతాయి. విషయం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మూలకు నెట్టిన స్పీకర్‌కి రెండు గోడలూ నేలా తోడై కింది స్వరాలను, అంటే బేస్‌ని, పెంచేస్తాయి, ఆ మోతలో గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు, తంబురా జీర వినపడకుండా పోతాయి.

తంత్రి:
తీగ మార్చి చూచి తీరిక పోగొట్టి
పెట్టె మార్చి చూచి బేరమాడి
వస్తువులనె వింటి, వదలితి గానమ్ము
గోడ వినుచునుండె గొప్ప పాట

నాదప్రియ: మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. ‘మార్చి చూచి’ రెండుసార్లు వచ్చిందని ఎవరైనా అంటారేమో, మార్చకండి, ఆ పిచ్చి అలాగే తిరుగుతుంది. 50 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 100 వాట్లది పెట్టినా పెరిగేది 3 డెసిబెల్సే (డెసిబెల్ మోతకు కొలత), పైగా రెండింటి మోతా సమానం చేయకుండా పోలిస్తే కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది, అలా ఎన్ని మంచి పెట్టెలు చేజారిపోయాయో.

కొత్తగొంతు:
కుర్చి జరిపి పెట్టి కొంచెమే ముందుకు
పుస్తకములు పేర్చి పొడుగు గోడ
చెంత, నేల మీద చాచి తివాచీని
గోడ వినుచునుండె గొప్ప పాట

ఇన్నాళ్లూ గోడ ధ్వనిని తిప్పికొడుతూ ఎదురు మాట్లాడేది, ఇప్పుడు మౌనంగా వింటోంది అని నా భావం.

నిర్వహణ: భావంలో అన్నిటికంటే ఇదే ముందుంది. మూడో పాదంలో చెం-చా యతి చెల్లదు, అచ్చులకు మైత్రి లేదు. తివాచీని పరుస్తాం గానీ చాచం. పైగా ‘చాచి’ అంటే ఆ పనంతా గోడే చేసినట్టు అన్వయం వస్తుంది. ‘చేర్చ తివాచీని’ అంటే మూడు దోషాలూ పోతాయి.

తంత్రి: కుర్చీ సంగతి పద్యంలోకి తెచ్చినందుకు సంతోషం. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కదా, 4 మీటర్ల పొడవు గదిలో 43 హెర్ట్జ్ (సెకనుకు 43 కంపనాలు) దగ్గర ఒక స్థిర తరంగం, అంటే గోడల మధ్య కదలకుండా నిలిచిపోయే తరంగం, ఏర్పడుతుంది, దాని పీడనం గోడల దగ్గర ఎక్కువ, గది నట్టనడుమ దాదాపు శూన్యం. అందుకే సరిగ్గా మధ్యలో కూర్చున్నవాడికి ఆ బేస్ అందదు, వెనక గోడకు ఆనుకున్నవాడికి ముంచెత్తుతుంది.

కొత్తగొంతు: సవరణ తీసుకున్నాను. తివాచీ పరిచాక పై స్వరాల కీచుదనం తగ్గింది గానీ బేస్ అలాగే ఉంది.

తంత్రి: ఉంటుంది. అంత పొడవాటి తరంగాలను పల్చటి బట్ట పీల్చలేదు. కుర్చీని మరో జానెడు జరిపి, మీకు బాగా తెలిసిన పాట ఒక్కటే పెట్టి వినండి.