6174: గణితమా, గారడీనా?

లెక్కల_కర్నూలు:
డిసెంబరు 22 గణిత దినోత్సవానికి హైస్కూల్లో 6174 స్టాలు పెట్టాలని కొందరు, అది వట్టి గారడీ, వద్దని కొందరు. సంగతేందంటే, నాలుగంకెలూ ఒకేలా లేని ఏ నాలుగంకెల సంఖ్యనైనా తీసుకుని, అంకెల్ని పెద్దదాన్నించి ఒకసారి, చిన్నదాన్నించి ఒకసారి పేర్చి, పెద్దసంఖ్యలోంచి చిన్నది తీసేయాలి. వచ్చినదాన్ని మళ్లీ అట్లే. ఏడుసార్లు మించకుండా 6174 వచ్చి ఆడ్నే నిలబడుతుంది. మహారాష్ట్రలోని దేవ్‌లాలీ బడిపంతులు కాప్రేకర్ 1949లో కనిపెట్టినాడు. మీరేమంటారు?

సున్న_అనంతపురం:
గారడీనే అప్పా. ఆ గుణం 6174ది కాదు, మనం పదుల్లో రాసుకునే పద్ధతిది. నాలుగు ఆధారంగా, అంటే పదులకు బదులు నాలుగుల్లో, 0 నుంచి 3 దాకా అంకెలతోనే రాసి చూడండి. 3021 నిలబడుతుంది గానీ, 1332 చేస్తే 2022, అది చేస్తే మళ్లీ 1332. గానుగెద్దు తిరిగినట్టే. పదుల్లోనే అయిదంకెలకు పోయినా అంతే: 53955 నుంచి 59994, మళ్లీ వెనక్కి.

కడప_343:
అయితే 9తో భాగించే సూత్రం కూడా పదుల మీద ఆధారపడిందే గదన్నా, దాన్నీ పాఠంలోంచి తీసేద్దామా? ఇందులో అసలు సరుకు నిరూపణ. పేర్చిన అంకెల్లో కొసల తేడా క, నడిమి రెండింటి తేడా గ అనుకోండి. తీసివేత జవాబు ఎప్పుడూ 999క + 90గ. క 1 నుంచి 9 దాకా, గ 0 నుంచి క దాకా. అంటే మొత్తం 54 జతలే! పదివేల సంఖ్యల పని 54 వరుసల్లో అయిపోతుంది, ఎనిమిదో తరగతి పిల్లోళ్లు ఒక పూటలో చేస్తారు. 7641లో క = 6, గ = 2; 5994 + 180 = 6174.

సున్న_అనంతపురం:
నిరూపణ పెడితే సరే. కానీ స్టాల్లో సగంమంది సున్న మింగేస్తారు, చూస్తుండండి. 2111 తీసుకుంటే 2111 – 1112 = 999. దాన్ని మూడంకెలుగా పట్టుకుంటే తర్వాత సున్నే. 0999 అని రాస్తేనే 8991, 8082, 8532, 6174.

కడప_343:
అందుకే నాలుగు గళ్లు గీసిన చీటీలియ్యండి. మీ ఊర్ల మీదుగా పోయే 44 నంబరు హైవేతో మొదలుపెట్టండి: 0044. 4400 – 0044 = 4356, తర్వాత 3087, 8352, 6174. అప్పు తెచ్చుకోవడంలో తప్పితే చాలాసార్లు అంకెల మొత్తమే పట్టిస్తుంది. ప్రతి జవాబుకీ అది 9 గుణిజం కావాల.

సున్న_అనంతపురం:
అట్లైతే పక్కన నాలుగు ఆధారం చార్టూ కట్టండి. 6174ని అంకెల మొత్తం 18తో భాగిస్తే 343 వస్తుందని గొప్పలు రాయొద్దు, అదీ పదుల మాటే. 18 + 18² + 18³ అని రాయండి, ఏ ఆధారంలో రాసినా అది మారదు.

లెక్కల_కర్నూలు:
రెండు చార్టులూ కడతాం. 54 వరుసల చార్టు పిల్లలే నింపాల, క, గ గళ్లు మాత్రం ముందే రాసిపెడతాం.