తరచూ జట్లు మారే ఫార్వర్డ్‌కు నిలకడ ఎలా వస్తుంది?

ఫుట్‌బాల్ తెలిసిన పెద్దలకు నమస్కారం. మాది కావలి. ఫార్వర్డ్‌గా, అంటే గోల్స్ కొట్టే స్థానంలో, ఆడే మా తమ్ముడికి ఇరవయ్యేళ్ళు నిండకముందే మూడో జట్టు నుంచి పిలుపు వచ్చింది. ఇన్ని జట్లు మారితే నిలకడ లేనివాడన్న పేరు పడుతుందని నాన్నగారు దిగులుపడుతున్నారు.

ఫ్రాన్స్ ఫార్వర్డ్ నికొలా అనెల్కా 1999లో ఆర్సెనల్ నుంచి రియల్ మాడ్రిడ్‌కు వెళ్ళి, ఆ పైన పారిస్, లివర్‌పూల్, మాంచెస్టర్, ఇస్తాంబుల్, బోల్టన్ తిరిగి, చెల్సీకి చేరాక 2008-09 సీజన్‌లో 19 గోల్స్‌తో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడని, 2014లో మన ముంబై సిటీ జట్టుకు కూడా ఆడాడని నాన్నగారికి చెప్పి చూశాను. ఆయన మనసు కుదుటపడలేదు.

బంతి అందించేవాళ్ళు మారిన ప్రతిసారీ ఫార్వర్డ్ తన పరుగును, గోల్ ముందు నిలబడే చోటును మళ్ళీ ఎలా కుదుర్చుకుంటాడు? ఒప్పందంపై సంతకం చేసేముందు గడువు గురించి, గాయమైతే వైద్యం ఖర్చు గురించి ఏమేమి రాతపూర్వకంగా అడగాలి? అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.