పాలపళ్ళే కదా అని వదిలేయవచ్చా?

ప్రశ్న (మద్దిలపాలెం, విశాఖపట్నం): రెండేళ్ళ మా పాప పాలసీసా నోట్లో ఉంటే గాని నిద్రపోదు. పై ముందుపళ్ళ మీద, చిగురు అంచున తెల్లని చారలు కనిపిస్తున్నాయి. ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా అని మా అత్తగారు అంటున్నారు. వైద్యునికి చూపించాలా?

జవాబు 1: తప్పక చూపించండి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక, పాలలోని చక్కెరతో సూక్ష్మజీవులు తయారుచేసే ఆమ్లం పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌ను నెమ్మదిగా కరిగిస్తుంది. ఆ చారలు పుచ్చుకు తొలి గుర్తు కావచ్చు. గుంట పడకముందైతే ఫ్లోరైడ్ పూతతో ఆపే అవకాశం ఉంది. పడుకోబోయే ముందు బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో మీరే తోమి, ఆ తరువాత సీసాలో నీళ్ళు మాత్రమే ఇవ్వండి. పాలదవడ పళ్ళు 10-12 ఏళ్ళ వరకు ఉండి శాశ్వత దంతాలకు చోటు కాపాడాలి.

జవాబు 2 (గాజువాక): ఆరో ఏట ఏ పన్నూ ఊడకుండానే చివరన వచ్చే దవడపన్ను శాశ్వతమైనది. మేము దాన్ని పాలపన్నే అనుకొని పొరబడ్డాము. అది పుచ్చకుండా దాని గాడులను సీలెంటుతో (దంతవైద్యులు వేసే రక్షణ పూతతో) పూడ్పించవచ్చు.

జవాబు 3: పళ్ళ కోసం మాడుగుల హల్వా వంటి తీపి పూర్తిగా మానమని అనను, భోజనంతోపాటు ఒకేసారి తినడం, రోజంతా కొంచెం కొంచెంగా చప్పరించడం కంటే మేలు.