అప్‌డేట్: 650 సీసీ బైక్ నుంచి 400కి మారాక ఘాట్‌లో కుదుపులు, కారణం దొరికింది

650 ట్విన్ (రెండు సిలిండర్ల బైక్) అమ్మి సెకండ్‌హ్యాండ్ 400 సింగిల్ (ఒకే సిలిండర్ బైక్) తీసుకున్నాక, ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు మలుపుల్లో బండి కుదుపుతోందని, మళ్లీ పెద్ద బండికే వెళ్లాలా అని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

చైన్ చూపించమన్న అన్న మాటే నిజమైంది. మెకానిక్ స్టాండ్ వేసి వెనక చక్రం తిప్పితే చైన్ ఒకచోట బిగుసుకుంటోంది, ఇంకోచోట వేలాడుతోంది. స్ప్రాకెట్లతో (చైన్ తిరిగే పళ్ల చక్రాలతో) సహా సెట్ మొత్తం మార్చేశాం, కుదుపు పోయింది. ప్లగ్, పెట్రోల్ అనుమానాలకు దీనితో సంబంధమే లేదు.

రెండో గేరులో ఇంజిన్‌ని 5000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పైనే ఉంచమన్న సలహా కూడా బంగారం. ట్విన్ మూడో గేరులో తక్కువ ఆర్‌పీఎం నుంచే లాగేసేది. దీనికి గేరు సరిగ్గా పడాలి. పడిందా, హెయిర్‌పిన్ మలుపులో ఎంత తేలిగ్గా తిరుగుతుందో! ఎన్నేళ్ల నుంచి నడుపుతున్నవాళ్లయినా 400ని చిన్న బండి అని తీసిపారేయకండి. నేనైతే అమ్మట్లేదు.